గాలిలో నిలిచిన చెల్లెలు

మాత్రల అట్ట మాస్టారి చొక్కా జేబులో ఉంది. జేబు మీద ఆయన అరచెయ్యి ఉంది. ఆ చేతికి మూరెడు దూరంలో కోడలు నిలబడి ఉంది.

“ఇలా ఇవ్వండి మామయ్యా.”

“ఇవ్వను.”

“పొద్దుటి మాత్ర అది. వేళ దాటిపోతోంది.”

“వేళ కాదమ్మాయ్, మందే దాటిపోయింది. ఈ ఇంట్లో ఇక ఆ మాత్ర లేదు.”

వంటగది ఇరుకు. బల్లకు అవతల బెంచీ మీద కూతురు కూర్చుని ఉంది. ఆమె కుడిచేతి బొటనవేలికి నిన్న సాయంత్రం కట్టిన కట్టు అప్పుడే నలిగి మాసిపోయింది. కొడుకు గడప మీద కూర్చున్నాడు. తగువు తన గురించే అయినా, అందులో తనకు చోటు దొరకని మనిషిలా మోకాళ్ళు దగ్గరికి లాక్కుని ఉన్నాడు.

తండ్రీ కొడుకూ కూతురూ ఊయల మనుషులు. సర్కస్ గుడారంలో, జనం తలలకు చాలా ఎత్తున, కొడుకు ఒక ఊయలకు మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడతాడు. కూతురు అవతలి ఊయల వదిలి అతని చేతుల్లోకి ఎగిరి వస్తుంది. తండ్రి ఒకప్పుడు ఎగిరినవాడు, ఇప్పుడు నేర్పేవాడు. కోడలు ఆ ఇంటికి పెళ్ళితో వచ్చి పనితో నిలిచింది. వల కట్టడం, తాళ్ళు చూడటం, ముడులు సరిచూడటం ఆమె బాధ్యత. ఆమె చూసిన ముడిని మరొకరు మళ్ళీ చూడరు.

కూతురు ఎడమచేత్తో టీ కప్పు ఎత్తింది. బల్ల మీది నుంచి ఆమె పెదాల వరకు కప్పు వెళ్ళిన దారిని కొడుకు కళ్ళు కింద నుంచి పైకి, తిరిగి కిందికి, నెమ్మదిగా నడిచాయి. ఖాళీగా ఉన్న గాలిని మనిషి అలా చూడడు.

మాస్టారు ఆ చూపును పట్టేశారు.

“చూశావా? చూశావా తల్లీ నీ మొగుణ్ణి? అక్కడ కప్పులు కనిపిస్తున్నాయి వాడికి. ఏరా, ఎన్ని?”

“లెక్కపెట్టడానికి నిలబడవు నాన్నా.”

“నిలబడవట! నిన్న నీ చెల్లెలు కూడా నిలబడలేదు. వలలో పడింది.”

“నాన్నా,” అంది కూతురు కప్పు దించి, “నేను పడ్డది వలలోనే. అది అందుకే ఉంది.”

“నువ్వు మాట్లాడకు. ఎగిరేది ఒక్కతి, వీడికి కనిపించేది ఊరేగింపు. ఆ ఊరేగింపులో ఎవర్ని పట్టుకోవాలో వీడికి ఎవరు చెబుతారు? ఆ మాత్రా?”

నిన్న మధ్యాహ్నం జరిగింది ఇంతే. సాధన షెడ్డులో, నేల మీద కూర్చుని అన్నాలు తింటూ కొడుకు ఒక మాట చెప్పాడు. కదిలే వస్తువు తన వెనక తన రూపాలను వరుసగా వదిలి వెళ్తున్నట్టు కొన్నాళ్ళుగా తనకు కనిపిస్తోందని, చెల్లెలు ఎగిరినప్పుడు అది చూడవలసిందేనని, ముద్ద చేతిలో ఎండిపోయేదాకా చెప్పాడు. రెండేళ్ళలో అతను ఒక విషయాన్ని అంత ఇష్టంగా చెప్పడం అదే మొదలు. సాయంత్రం సాధనలో చెల్లెలు అతని చేతులను తాకి, పట్టు చిక్కక కింద పడింది. మాస్టారు ఆ రెండిటినీ కలిపి ముడివేశారు. మాత్ర దొంగ అయింది.

ఈ ఇంట్లో మోకాలికి పట్టీ వేసుకోవడం గౌరవం. భుజం తప్పినా మర్నాడే పైకెక్కినవాళ్ళ కథలు భోజనాల దగ్గర చెప్పుకుంటారు. దిగులుకు మాత్ర మింగితే మాత్రం తలుపు వేసుకుని మింగాలి.

“మామయ్యా, ఆ మందు హఠాత్తుగా ఆపకూడదని డాక్టరు మొదటి రోజే చెప్పాడు.”

“డాక్టరు! వాడి మొహం. అంతకుముందు వీడు మనిషి కాడా? ఏ మాత్రా లేకుండా పదిహేనేళ్ళు పట్టాడు.”

“పట్టారు. పోయిన సంవత్సరం?”

“పోయిన సంవత్సరం కొంచెం నలతగా ఉన్నాడు.”

“నలత.” కోడలు ఆ మాటను నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు పలికింది. “నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి నలతట. సరే. మీకు చెప్పనిది ఒకటుంది. చెప్పకూడదనుకున్నాను. ఇవాళ చెబుతాను.”

“వద్దు,” అన్నాడు కొడుకు గడప మీంచి. అంత నెమ్మదిగా అన్నాడు గనక అందరికీ వినబడింది.

“మీరు వద్దన్నా చెబుతాను. ఆ మాత్ర ఆయన జేబులో ఉన్నంతసేపూ చెబుతూనే ఉంటాను.” ఆమె మామగారి వైపు తిరిగింది. “ఒకరోజు సాధన అయిపోయాక ఈయన నా దగ్గరికొచ్చి, వల ఒక మూల చిరిగింది, విప్పి చూడు అన్నారు. నేను విప్పాను మామయ్యా. నా చేతులతో నాలుగు మూలలా విప్పాను. నేల మీద పరిచి వెతికాను. ఎక్కడా చిరగలేదు. ఈ మాట చెబుదామని తలెత్తితే, ఈయన నిచ్చెన సగం ఎక్కేశారు.”

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. వాటిని దించాలని ఎవరికీ తోచలేదు.

“నేను అరవలేదు. కిందనుంచి, ఏమండీ, చేతులకి సుద్దపొడి రాసుకోలేదు, డబ్బా మర్చిపోయారు అన్నాను. ఆగారు. ఆలోచించారు. దిగొచ్చారు, డబ్బా కోసం. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.” ఆమె చెయ్యి చాచింది. “ఆ రోజు తర్వాత వల నేను ఒంటరిగా విప్పలేదు. ఇప్పుడివ్వండి.”

మాస్టారు కొడుకు వైపు చూశారు. కొడుకు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. కూతురు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో దాచుకుంది.

మాస్టారి చెయ్యి జేబులోకి వెళ్ళింది. అట్ట బయటికి తీసి, ఒక్క మాత్ర నొక్కి, బల్ల మీద పెట్టారు. అట్ట మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

“ఇవాళ్టికి,” అన్నారు.

*

ఆ పొద్దునే వెళ్తే, మందు రాసిన మొదటి డాక్టరు ఈ చూపు సంగతి విని, అలాంటివేమీ ఉండవు, అంతా ఊహ అని, రాసుకుంటున్న కాగితం మీంచి తల ఎత్తకుండా చెప్పాడు. చూపు గురించి వచ్చిన మనిషిని చూడకుండానే పంపించాడు. అందుకే కోడలు అటునుంచి అటే వేరే ఆస్పత్రికి తీసుకువచ్చింది.

ఈ డాక్టరు నడివయసు ఆడమనిషి. ఆమె ముందుగా కాగితాలు పక్కకు జరిపింది. తర్వాత తన కలం మూత పెట్టి, దాన్ని అతని కళ్ళ ముందు ఎడమనుంచి కుడికి నడిపింది.

“ఏం కనిపించింది?”

“కలం వెళ్ళిన దారంతా కలాలే. ముందుది గట్టిగా ఉంది, వెనకవి పల్చగా. తోకవైపు నుంచి కరిగిపోతున్నాయి.”

“కదపకుండా పట్టుకుంటే?”

“ఒకటే.”

“ఒక కన్ను మూసి చూడండి. ఇప్పుడు?”

“ఉన్నాయి.”

“రెండో కన్ను?”

“దానికీ ఉన్నాయండీ.”

ఆమె తల ఊపింది. ఆ ఊపులో ఆశ్చర్యం లేదు. పరిచయం ఉంది.

“ఇది ఊహ కాదు. ఈ మందు వాడేవాళ్ళలో చాలా కొద్దిమందికి ఇలా అవుతుంది. కదిలిపోయిన దాన్ని మెదడు వెంటనే వదిలిపెట్టదు. కాస్త పట్టుకుని ఉంచుతుంది.”

“ప్రమాదమా?” అంది కోడలు.

“సాధారణంగా కాదు. మందు తగ్గిస్తే చాలామందికి పోతుంది. కానీ ఒక్కసారిగా ఆపకూడదు. కొంచెం కొంచెం తగ్గిస్తూ ఇంకోటి మొదలుపెట్టాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది.”

“ఆ ఇంకోటి పనిచేస్తుందా?”

“చేయొచ్చు. మాటైతే ఇవ్వలేను.” డాక్టరు అతని వైపు తిరిగింది. “ఈలోగా మీరు ఎత్తుకి ఎక్కకండి. మీ పని గురించి నాకేమీ తెలీదు. మీ చెల్లెల్ని మీరు పట్టుకోగలరా అంటే నా పుస్తకాల్లో రాసిలేదు. రాసిలేనిదానికి నేను సరేననలేను.”

అతను కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

“ఇది ఉంచుకోవచ్చా అండీ?”

“ఏది?”

“ఈ మందు. ఈ... చూపు.”

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అతన్ని చూశారు.

“మొదటిసారి కనిపించినప్పుడు భయం వెయ్యలేదా?” అంది డాక్టరు.

“లేదండీ. చెబితే నవ్వుతారేమో.”

“నవ్వను.”

అతను అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మాటలు వెతుక్కునే అలవాటు పోయిన మనిషి. ఒక్కొక్కటీ తీసి చూసి బయటపెట్టాడు.

“నేను తలకిందులుగా ఉంటాను. మా చెల్లి అవతలి ఊయల కర్ర వదుల్తుంది. ఇదివరకు నాకు తెలిసింది రెండే. అక్కడ ఉన్న చెల్లి, నా చేతుల్లో ఉన్న చెల్లి. మధ్యలో ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు. చూసే తీరికుండదు. ఇప్పుడు ఆ మధ్య అంతా ఉంది. కర్ర దగ్గర్నుంచి నా దాకా గాల్లో వంతెన కట్టినట్టు. అన్నీ తనే. ఒకచోట మోకాళ్ళు గుండెలకి ముడుచుకుని ఉంటుంది, ఒకచోట అప్పుడే విప్పుతూ ఉంటుంది, ఒకచోట పూర్తిగా చాపుకుని, బరువే లేనట్టు... వెనకది కరిగేలోగా ముందుది నా దగ్గరికి వచ్చేస్తుంది. తనని పట్టుకుని వెనక్కి ఊగుతున్నప్పుడు ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది, గాల్లో, తను వదిలేసి వచ్చిన తను.”

నవ్వుతోందేమోనని డాక్టరు ముఖంలోకి చూశాడు.

“ఇంత బాగుంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలీదండీ. మా నాన్న జన్మంతా ఎగిరారు. ఆయనకీ తెలీదు. దీన్ని జబ్బు అనడానికి నాకు సిగ్గేసింది. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.”

డాక్టరు కలాన్ని బల్ల మీద పెట్టింది. అది దొర్లి ఆగేవరకు ముగ్గురూ దాన్నే చూశారు. దొర్లుతున్న కలంలో అతనికి ఏం కనిపించిందో అడగాలని డాక్టరుకు అనిపించింది. అడగలేదు.

“ఆలోచించుకుని రండి,” అంది చివరికి. “మందు ఆపకండి. ఎత్తుకి ఎక్కకండి. ఈ రెండూ మర్చిపోకండి.”

*

బస్సు దిగారు. సందు మలుపు తిరిగాక, కోడలు తాళాల దుకాణం ముందు ఆగిపోయింది.

“బాగుందట!”

“నెమ్మదిగా.”

“ఎందుకు నెమ్మదిగా? మీరు బతకాలని మందు తెచ్చాను. బొమ్మలు చూడ్డానికి కాదు.”

“బొమ్మలు చూడాలనే పొద్దున్నే లేస్తున్నాను.”

ఆమెకు మరింత కోపం వచ్చింది. ఒక మనిషిని బతికించడానికి తాళ్ళు బిగించినట్టు రోజులు బిగించి కట్టింది. ఆ మనిషిని పట్టి నిలిపింది తను కట్టిన తాడు కాదని, ఏ మందుల కంపెనీ లెక్కలోనూ లాభంగా రాసుకోని ఒక పొరపాటని ఇప్పుడు వింటోంది.

“మాత్ర మార్చాక కూడా లేస్తారేమో,” అంది, గొంతు తగ్గించి.

“లేస్తానేమో.”

“నన్ను చూడ్డానికి లేవకూడదా?”

అతను నవ్వాడు. పలచగానే, కానీ నవ్వాడు. “నువ్వు కదలకుండా ఒకచోట నిలబడితే ఒక్కదానివే కనిపిస్తావు. కోపంగా చేతులు ఊపుతున్నావు చూడు, ఇప్పుడు సందు నిండా నువ్వే. పక్కకి తప్పుకుని వెళ్ళడానికి కూడా దారి లేదు.”

“మీ మొహం,” అంది ఆమె. కానీ చేతులు దించేసింది.

*

షెడ్డు ఒకప్పుడు గోదాము. ఎత్తయిన రేకుల కప్పు కింద ఊయలలు రెండూ కట్టేసి ఉన్నాయి. గోడల పైభాగాన ఉన్న జాలీల్లోంచి వెలుతురు పలకలు పలకలుగా వల మీద పడుతోంది. మాస్టారు ఒక మూల వీపు ఇటు తిప్పి కూర్చుని, తోలు పట్టీలకు నూనె రాస్తున్నారు. కూతురు ముడుల బల్ల దగ్గర ఒంటిచేత్తో తాడు చుట్టే ప్రయత్నంలో ఉంది. తాడు ఆమెకు లొంగడం లేదు.

“ఇటివ్వు,” అంది కోడలు. తాడు తీసి పక్కన పెట్టి, ఆడపడుచు చెయ్యి అందుకుంది. “కట్టు నలిగిపోయింది. మళ్ళీ కడతాను.”

“ఉండనీ వదినా.”

“ఉండనీయను.”

కట్టు విప్పింది. బొటనవేలు మొదట్లో వాచి, నల్లబడి ఉంది. కోడలు ఆ వేలిని చూసింది. తర్వాత మణికట్టు తిప్పి చూసింది. రెండో మణికట్టు కూడా తీసుకుని తిప్పి చూసింది. ఆమె తాళ్ళు చూసే మనిషి. ఎక్కడ బరువు పడితే ఎక్కడ అరుగుతుందో ఆమెకు వేరే చెప్పనక్కరలేదు.

“మీ అన్నయ్య పట్టు జారితే గుర్తు ఎక్కడుండాలి?”

ఆడపడుచు చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

“మణికట్టు మీద. జారిన వేళ్ళ చారలుండాలి. ఇక్కడ చార లేదు. వేలు మాత్రం వెనక్కి విరిగింది. ఊరికే చాచిన చేతికి వేలు ఇలా విరగదు. నువ్వు అందుకున్నావు.”

ఆ ఇంట్లో ఇంతకన్న పెద్ద నింద లేదు. ఎగిరేవాళ్ళు అందుకోకూడదు. చేతులు చాచి, వేళ్ళు విప్పి, చేతుల్లో ఏ ఆశా లేకుండా రావాలి. పట్టడం పట్టేవాడి పని. ఇద్దరూ పట్టుకోబోతే ఇద్దరి వేళ్ళూ ఢీకొంటాయి, ఎవరికీ ఎవరూ దక్కరు. ఆ చేతులకు వాళ్ళు పెట్టుకున్న పేరు ఖాళీ చేతులు.

“అవును,” అంది ఆడపడుచు. “అందుకున్నాను.”

షెడ్డు గుమ్మంలో నిలబడిన అన్న అది విన్నాడు.

“అన్నయ్య అన్నం తింటూ చెప్పాడు కదా. అంత సంతోషంగా చెప్పాడు వదినా, నేనూ నవ్వాను. పైకెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాను. కర్ర వదిలాక ఒక్క క్షణం... అంతమందిలో అన్నయ్యకి నేను ఏ నేనో అనిపించింది. అంతే. చేతులు నా మాట వినలేదు.”

“ఎన్నాళ్ళుగా కనిపిస్తోందో అడిగావా?”

“లేదు.”

“రెండు నెలలు. ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు ఎగిరావు? ఒక్కసారైనా జారావా?”

ఆడపడుచు ముఖం మెల్లగా మారింది. తను ఇన్నాళ్ళూ ఏ చూపులోంచి ఎగిరి వచ్చిందో, ఎంతమంది తనలను దాటి ఆ చేతులు తననే పట్టుకున్నాయో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆమె అన్న చేతుల వైపు చూసింది. కొత్తగా చూసింది.

“ఇన్నాళ్ళూ నన్నెలా పట్టుకున్నావు అన్నయ్యా?”

“కళ్ళతో కాదు. ఊపుతో,” అన్నాడతను. “ఎప్పుడూ అంతే. నీ ఊయల చప్పుడు వింటాను, నా ఊపు చూసుకుంటాను, చేతులు వాటి చోటికి అవే వెళ్తాయి. నువ్వు అక్కడ ఉంటావు. చూడ్డం అంతా ఉట్టినే.”

“నాన్నకి చెప్పాలి,” అంది ఆడపడుచు.

“నాకు తెలుసు.”

మాస్టారు ఇటు తిరగలేదు. తోలు మీద నూనె గుడ్డ ఆగింది.

“ఆ వేలికి కట్టు కట్టింది ఎవరనుకున్నారు? నేను. చూస్తే తెలీదా నాకు?”

“తెలిసే మాత్రలు లాక్కున్నారా?” కోడలి గొంతులో వేడి లేదు. చలి ఉంది. “తెలిసే ఈయన మీద పెట్టారా?”

“మందుదే తప్పయితే మందు మానిపిస్తాను. దీని చేతులది తప్పయితే ఏం మానిపించను?” ఆయన ఇప్పుడు తిరిగారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “భయం ఒకసారి చేతుల్లోకి దిగితే నాకు తెలిసి ఎవరికీ తిరిగి ఎక్కలేదమ్మాయ్. నాకూ ఎక్కలేదు. దిగిన రోజునే నేను ఎగరడం మానేశాను. మోకాలి నొప్పి అని అందరికీ చెప్పుకున్నాను.”

“కూతురి చేతులు దాచడానికి కొడుకు ప్రాణం అడ్డం పెట్టారన్నమాట.”

“పొద్దున నువ్వు చెప్పేదాకా అది ప్రాణమని నాకు తెలీదు.”

ఆయన లేచి వచ్చి అట్టను కోడలి చేతిలో పెట్టారు. ఆమె దాన్ని కొంగులో ముడి వేసుకుంది. క్షమించినట్టు ఒక్క మాట కూడా అనలేదు. మాస్టారు ఆశించలేదు కూడా.

ఆయన కొడుకు ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

“ఒరేయ్. నేల మీద నిలబడి చెయ్యి ఆడించినా కనిపిస్తుందా?”

“కనిపిస్తుంది నాన్నా.”

మాస్టారు కుడిచెయ్యి ఎత్తారు. కర్ర వదిలి, పైకి లేచి, ఒంగి, అవతలి చేతుల్లోకి దిగే ఆ పాత వంపును గాలిలో నెమ్మదిగా గీశారు. ముసలి చెయ్యి. మధ్యలో కొద్దిగా వణికింది.

కొడుకు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి కిందికి దిగిపోయిన తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు.

“చెప్పరా.”

“భుజం దగ్గర్నుంచి ఇక్కడిదాకా చేతులే నాన్నా. ఒకదాని మీంచి ఒకటి. వణికింది కూడా నిలిచింది, అది నీళ్ళ మీద వెలుగులా ఉంది. కానీ ఒక్క చెయ్యి కూడా ముడుచుకోలేదు. అన్నీ తెరిచే ఉన్నాయి.”

మాస్టారు తన అరచేతిని తిప్పి చూసుకున్నారు, ఎవరిదో చూసినట్టు. తనను తాను ఎన్నడూ చూసుకోని మనిషి, తన పని మరొకరి కళ్ళకు ఎలా ఉంటుందో మొదటిసారి విన్న మనిషి, ఏం చెయ్యాలి? ఆయన ముక్కు చీదుకున్నారు. తర్వాత మళ్ళీ మాస్టారు అయ్యారు.

“ఆ బల్ల ఇటు లాగండి.”

“ఎందుకు నాన్నా?” అంది కూతురు.

“ఎక్కు.”

ఆమెకు అర్థమైంది. ముఖం కందిపోయింది. బల్ల మీంచి దూకడం ఆ ఇంట్లో పిల్లలకు నేర్పే మొదటి పాఠం. కళ్ళు మూసుకుని, చేతులు చాచి, ఎదురుగా నిలబడినవాడి చేతుల్లోకి ముందుకు ఒరిగి దూకాలి. వేళ్ళు ముడవకూడదు.

“నేనేమైనా చిన్నపిల్లనా? వేలు చూడు ఎలా ఉందో!”

“వేలుతో పని లేదు. ఖాళీ చేతులకి వేలెందుకు? వాడు పట్టేది మణికట్టు. ఎక్కు.”

“డాక్టరు ఎత్తుకి ఎక్కొద్దంది,” అంది కోడలు.

“వాణ్ణి కదా. వాడు నేల మీదే ఉంటాడు. నడుమెత్తు బల్ల ఇది.”

కోడలు బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, దాని కాళ్ళు ఊపి చూసి, పరుపు లాక్కొచ్చి అతని కాళ్ళ దగ్గర వేసింది. అది ఆమె అనుమతి.

కూతురు బల్ల ఎక్కింది. ఊరూరా జనం ఊపిరి బిగబట్టి చూసిన మనిషి, నడుమెత్తు బల్ల మీద కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుంది. అన్న ఎదురుగా కొంచెం దూరంగా నిలబడి చేతులు చాచాడు.

“సిద్ధమేనా?”

“ఊ.”

“రా!”

ఆమె వచ్చింది.

దూరం తక్కువ. అయినా అతనికి ఆమె వరుసగా వచ్చింది. బల్ల అంచున ఒరుగుతూ ఒకరు, కాళ్ళు వదిలేసి ఒకరు, గాలిలో అడ్డంగా ఒకరు, తెల్లటి వెలుతురు పలకలోంచి దూసుకొస్తూ ఒకరు. మొదటి చెల్లెలి వేళ్ళు విప్పి ఉన్నాయి. తర్వాతి ఆమెవి విప్పి ఉన్నాయి. తర్వాతి ఆమెవీ. అతని చేతులు రెండు మణికట్లనూ చప్పుడు లేకుండా అందుకున్నాయి.

“ఖాళీ!” అని అరిచారు మాస్టారు. ఆ అరుపుకు రేకులు మోగాయి. “చూశావా అమ్మాయ్, ఖాళీ చేతులు! నా పిల్లవి!”

కోడలు కూడా ఊపిరి వదిలింది. ఇద్దరికీ కనిపించినవి వచ్చి చేరిన చేతులే. వాటి వేళ్ళు నిజంగానే తెరిచి ఉన్నాయి.

అతనికి మాత్రం దారి ఇంకా కరగలేదు. చివరి చెల్లెలికి ఒక్క అడుగు వెనక, గాలిలో, ఇంకా మిగిలి ఉన్న చెల్లెలి చేతులు అతనికి కనిపిస్తున్నాయి. ఆ వేళ్ళు ముడుచుకోవడం మొదలుపెట్టి ఉన్నాయి. అన్నీ, కట్టు విప్పిన బొటనవేలుతో సహా, అతని చేతుల కోసం లోపలికి వంగి ఉన్నాయి. అక్కడినుంచి ఇక్కడికి వచ్చేలోగా ఆమె వాటిని బలవంతాన విప్పుకుంది. ఎంత బలంతో విప్పుకుందో అతనికి తెలుస్తోంది. తన ఇన్నాళ్ళ పనిలో అంత భయమూ అంత ధైర్యమూ ఒక్కచోట అతను ఎప్పుడూ చూడలేదు.

తోకవైపు నుంచి అది పల్చబడసాగింది.

ఆమె కళ్ళు తెరిచింది. తండ్రి వైపు చూడలేదు. వదిన వైపు చూడలేదు.

“బాగానే వచ్చానా అన్నయ్యా?”

“ఎవర్ని అడుగుతావు, నేను చెప్పలేదూ?” అన్నారు మాస్టారు ఉత్సాహంగా. అంతలోనే తన పాఠం తనకే గుర్తొచ్చి తగ్గారు. “సరే, వాణ్ణే చెప్పనీ. పట్టినవాడి మాటే మాట. ఏరా? ఎగరొచ్చా ఇది?”

నిన్న అతను కనిపించింది కనిపించినట్టు చెప్పాడు. ఆ మాటే ఈ చేతుల్లోకి భయాన్ని దింపింది. ఇవాళ ఆ వేళ్ళు ముడుచుకుని విప్పుకోవడం కూడా కనిపించింది. ఈ షెడ్డులో అది చూసినవాడు అతనొక్కడే.

“చెప్పు,” అంది ఆమె. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

గాలిలో ఉన్న చేతులు పూర్తిగా కరిగిపోయాయి. అతను నోరు తెరిచాడు. ఆమె మణికట్లను ఇంకా వదల్లేదు.